కాలేజి రుసుములు - వోటరుల లెక్క

2025 నవంబరు 3వ తేదీన తెలంగాణమునందలి ప్రైవేటు కాలేజీలు తలుపులు మూసికొనినవి. ఫీజు రీయింబర్సుమెంటు పద్దుక్రింద ప్రభుత్వమువారు తమకు చెల్లింపవలసిన బకాయిలు చెల్లించువఱకును పాఠములు చెప్పింపజాలమని యాజమాన్యములవారు ప్రకటించిరి. నవంబరు 7వ తేదీన ఉపముఖ్యమంత్రి శ్రీ భట్టి విక్రమార్కగారితో సంప్రదింపులు జరిగిన పిదప ఆ మూత విరమింపబడెను. అంతకు రెండు నెలలకు ముందు, సెప్టెంబరులోను, ఇట్టి మూతయే ప్రకటింపబడి, కొంత వెంటనే కొంత దీపావళినాటికి చెల్లింతుమను వాగ్దానముతో ఆగిపోయెను. వాగ్దానము గడువు దాటినందువలననే నవంబరులో తలుపులు మూతపడినవి. ఈ రెండు మాఱులును యాజమాన్యముల మాట వినబడినది, మంత్రుల మాట వినబడినది. రుసుము నిజముగా భరించుచున్న తలిదండ్రుల మాటమాత్రము ఎక్కడను వినబడలేదు. వీరే వోటరులు. ఈ మంత్రులను శాసనసభకు పంపినవారును వీరే. అట్టివారు ఈ వ్యవహారమున మూడవవారుగా నిలువబడుటకు కారణమేమి? దీనిని విచారించుటయే నేటి మా యుద్దేశము.

రాజధానిలో కూర్చుండి చూచిన ఈ సమస్య కోట్ల రూపాయల లెక్కగా గనబడును. రఘునాథపల్లివంటి యూరినుండి చూచిన దాని స్వరూపము వేఱు. హైదరాబాదు నుండి వరంగల్లు పోవు రహదారిపైనను, సికిందరాబాదు-కాజీపేట రైలుమార్గముపైనను ఉన్న ఈ గ్రామము జనగామ జిల్లాలో ఒక మండలకేంద్రము. ఇచటి కుటుంబములకు భూమియే ఆధారము. అయిదెకరముల సాగుగల ఒక రైతును తలచుకొందము. కుమారునకు ఇంజనీరింగు కాలేజిలో కన్వీనరు కోటా సీటు లభించినది. పదివేలకు పైబడిన ర్యాంకు. ఆ కాలేజి రుసుము సంవత్సరమునకు 1,00,000 రూపాయలనుకొందము. ప్రభుత్వము చెల్లింతునని యొప్పుకొనునది 35,000 రూపాయలు మాత్రమే. తక్కిన 65,000 తండ్రి తేవలయును. 2025 జనవరినుండి రైతు భరోసా క్రింద ఎకరమునకు సంవత్సరమునకు 12,000 రూపాయలు నిర్ణయింపబడినవి. అన్ని విడతలును సక్రమముగా వచ్చినను అయిదెకరములకు 60,000 అగును. అనగా వ్యవసాయమునకు తోడ్పాటుగా ప్రభుత్వమిచ్చు ధనమంతయు కుమారుని రుసుమునకు చెల్లించినను ఇంకను అయిదువేలు కొఱతపడును. ఇది రుసుము లెక్క మాత్రమే. హాస్టలు, పుస్తకములు, ప్రయాణము వేఱు. నాలుగేండ్లకు కొఱత 2,60,000. ఈ సొమ్మునకై కొందఱు వడ్డీకి తెత్తురు, కొందఱు గుంటలలెక్కన భూమి విక్రయింతురు.

అంతటితో ముగిసినను బాగుండెడిది. ప్రభుత్వము చెల్లింతునన్న 35,000 కూడ సకాలమున కాలేజికి చేరదు. చదువు ముగిసి, ఉద్యోగము పిలుపు వచ్చి, కుమారుడు సర్టిఫికెట్లకై కాలేజికి పోవును. బకాయి వచ్చినగాని సర్టిఫికెట్లు ఇయ్యమని గుమాస్తా చెప్పును. ఒరిజినల్ సర్టిఫికెట్లను పట్టియుంచరాదని యూనివర్సిటీ గ్రాంట్సు కమిషనువారు 2018లోనే ప్రకటన గావించియున్నారు. ప్రకటన గోడపైననే యుండును. సర్టిఫికెట్టు బీరువాలోనే యుండును. ప్రభుత్వము చెల్లింపవలసిన ఋణమునకు విద్యార్థి జామీను పడుట ఎచ్చటి న్యాయము? తండ్రి మరల అప్పు తెచ్చి ఆ సొమ్ము కట్టి సర్టిఫికెట్లు విడిపించుకొనును. తరువాత ప్రభుత్వధనము కాలేజికి చేరినప్పుడు, తండ్రి కట్టిన సొమ్ము తిరిగి యిచ్చు బాధ్యత ఎవరిదో చెప్పువారుండరు. ఈ దుఃఖము ఒకయింటిది కాదు. రఘునాథపల్లినుండి స్టేషన్ ఘనపూరు వఱకు, జనగామనుండి మహబూబాబాదు వఱకు, ఇంటికొక ఇంజనీరు కావలయునని కలగన్న ప్రతి వీథిలోను ఈ కథ వినవచ్చును.

ఈ స్థితి యొక్కనాడు దాపురించినది కాదు. పూర్వకథ కొంత తెలియవలయును. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కాపిటేషను ఫీజును నిషేధించుచు శాసనము చేసెను. దేశమున ఇట్టి శాసనములకు అది మార్గదర్శకమనదగినది. అయినను శాసనముండగనే దానిని దాటు మార్గములు వెదకబడినవి. 1992లో ప్రైవేటు వైద్య, దంతవైద్య కళాశాలలకు ప్రభుత్వమిచ్చిన అనుమతులను హైకోర్టు కొట్టివేసెను. ఆ తీర్పునకు పిదప ముఖ్యమంత్రి శ్రీ నేదురుమల్లి జనార్దనరెడ్డిగారు పదవినుండి తొలగి, అక్టోబరులో శ్రీ కోట్ల విజయభాస్కరరెడ్డిగారు ముఖ్యమంత్రియైరి. కాలేజీల విషయమై ఒక ముఖ్యమంత్రి పదవి పోవుట మన రాష్ట్ర చరిత్రలో గుర్తుంచుకొనదగిన ఘట్టము. అయితే పాఠకులు ఒక సంగతి గమనింపవలయును. ఆనాడు లెక్క యడిగినది న్యాయస్థానము. వోటరు వంతు రెండేండ్లకు, 1994 డిసెంబరులో, వచ్చినది. అప్పుడు కాంగ్రెసు పక్షము 294 స్థానములలో 26 మాత్రమే దక్కించుకొనెను. కాని ఆ యెన్నికలో కిలో రెండు రూపాయల బియ్యము, మద్యనిషేధము మొదలగు సమస్యలు ముందునకు వచ్చినవి. కాలేజి వ్యవహారము ఆ గుంపులో ఎక్కడనో కలిసిపోయినది.

తరువాతి కథ న్యాయస్థానములలోనే విశేషముగా నడచినది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టువారు ఫ్రీ సీట్లు, పేమెంటు సీట్లు అను విభాగము కల్పించిరి. ఆ వ్యాజ్యము మన రాష్ట్రముపైననే నడచినది. 2002లో టి.ఎం.ఏ. పాయ్ తీర్పున ఆ పద్ధతి రద్దయి, విద్యాసంస్థ నడుపుకొనుటకు స్వేచ్ఛ గలదనియు, అయినను లాభార్జన కూడదనియు నిర్ణయింపబడెను. 2003లో ఇస్లామిక్ అకాడమీ తీర్పువలన, విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతను రుసుములను పరిశీలించు కమిటీలు ఏర్పడినవి. 2005లో ఇనాందార్ తీర్పు ఆ కమిటీలను నిలిపినది. అప్పటినుండియు మన యిరు రాష్ట్రములలో మూడేండ్లకొక మాఱు ఇట్టి కమిటీ కాలేజీల జమాఖర్చులను జూచి రుసుమును నిర్ణయించుచున్నది. సిద్ధాంతమున ఇది మంచి పద్ధతియే. కాని దీనివలన ఒక ఫలితము గలిగినది. రుసుము పెరిగిన దినమున మంత్రిగారిని అడిగినచో, ‘అది కమిటీ నిర్ణయము’ అనును. కమిటీని అడుగుటకు వోటరునకు అధికారము లేదు. కమిటీని నియమించునది ప్రభుత్వము, దాని సిఫారసుపై ఉత్తరువు వెలువరించునది ప్రభుత్వము. జవాబు చెప్పవలసివచ్చినప్పుడు మాత్రము ప్రభుత్వము కనబడదు.

2008లో శ్రీ వై.యస్. రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వము వెనుకబడిన తరగతులకును పేదలకును రుసుమును తామే చెల్లించు పథకమును విస్తృతముగా ప్రవేశపెట్టెను. ఆ పథకముయొక్క మేలును మేము తక్కువచేయము. తాతతండ్రులు బడిమెట్లెక్కని యిండ్లనుండి వేలకొలది బిడ్డలు ఇంజనీర్లు, ఫార్మసిస్టులు, ఉపాధ్యాయులు అయిరి. అమెరికాలోను ఐరోపాలోను నేడు కొలువులు చేయుచున్న తెలుగు యువకులలో అనేకులకు ఆ పథకమే నిచ్చెన. 2009 ఎన్నికలలో కాంగ్రెసు 156 స్థానములతో మరల అధికారమునకు వచ్చుటకు ఈ పథకముకూడ తోడ్పడినదని సామాన్యముగ చెప్పుకొందురు. అయితే అదే పథకము మఱి రెండు పనులుకూడ చేసినది. మొదటిది, ప్రభుత్వధనమును నమ్ముకొని కాలేజీలు పుట్టగొడుగులవలె మొలిచినవి; కొన్నియేండ్లలో ఉమ్మడి రాష్ట్రమున ఇంజనీరింగు కాలేజీలు ఆఱు వందలు దాటినవి. రెండవది, రుసుము ఎంతయైనను ‘సర్కారు కట్టును’ అను భావము తలిదండ్రుల మనస్సున నాటుకొనినది. తాను కట్టని సొమ్మునుగూర్చి ఎవడును బేరమాడడు. రుసుము పెంపును ప్రతిఘటింపవలసిన కోట్లాది ప్రజలు ఆ దినమునుండి ఉదాసీనులైరి.

ఆ ఉదాసీనతకు మూల్యము నాలుగేండ్లలోనే చెల్లింపవలసివచ్చెను. 2012లో ప్రభుత్వము చేయి వెనుకకు దీసికొనెను. ఎంసెట్టులో పదివేలలోపు ర్యాంకు గలవారికిని, షెడ్యూల్డు కులముల, తెగల విద్యార్థులకును, మఱికొన్ని వర్గములకును మాత్రమే పూర్తి రుసుము. తక్కినవారికి 35,000 రూపాయలు. ఆనాడు ఈ మొత్తము అనేక కాలేజీల రుసుమునకు ఇంచుమించు సరిపోయెడిది. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రమును అదే పద్ధతిని కొనసాగించెను. సంవత్సరములు గడచినవి, ప్రభుత్వములు మాఱినవి, 35,000 మాత్రము చెక్కుచెదరలేదు. రుసుములు అట్లు నిలిచియుండలేదు. 2022లో నిర్ణయమైన రుసుములలో కనిష్ఠము 45,000, గరిష్ఠము 1,60,000. అనగా మిక్కిలి తక్కువ రుసుముగల కాలేజిలో చేరిన విద్యార్థికి కూడ 35,000 చాలకుండపోయినది. పదివేలు తండ్రి కట్టుకొనవలయును. ‘పూర్తి రీయింబర్సుమెంటు’ అనుమాట మెజారిటీ విద్యార్థులవిషయమున అర్థము కోల్పోయి చిరకాలమైనది. అయినను ఎన్నికల సభలలో ఆ మాట నేటికిని వినబడుచునే యున్నది.

2025లో మరల మూడేండ్ల గడువు వచ్చెను. కొన్ని కాలేజీల రుసుము రెండు లక్షలు దాటునని వార్తలు వెడలినవి. తలిదండ్రులలో ఆందోళన గలిగెను. జూను చివర ప్రభుత్వము పాత రుసుములనే 2025-26 సంవత్సరమునకు కొనసాగించుచు ఉత్తరువు గావించెను. కొన్ని యాజమాన్యములు హైకోర్టు నాశ్రయించినవి. ప్రభుత్వము ఈ విషయమున వెనుదీయుట ప్రజాభిప్రాయమునకు గల బలమును దెలుపుచున్నది. రుసుము పెంచిన తమకు నష్టము గలుగునని పాలకులు భయపడిరన్నమాట. కాబట్టి వోటరునకు శక్తి లేదనుట సరికాదు. శక్తి యున్నది, దానిని వినియోగించు మార్గము తెలియక యున్నది. ఒక సంవత్సరము వాయిదా పొందుటతో తృప్తిపడి మనము మరల నిద్రపోయితిమేని, మఱుసటి సంవత్సరము పెంపు రెట్టింపై వచ్చును.

వోటరు లెక్క యడుగలేకపోవుటకు మాకు తోచిన కారణములు ముఖ్యముగా నాలుగు. మొదటిది, బాధ్యత మూడు ముక్కలైపోవుట. కాలేజి ప్రభుత్వమును జూపును, ప్రభుత్వము కమిటీని జూపును, కమిటీ కాలేజి జమాఖర్చులను జూపును. వ్యవసాయదారుడు నీరు రానప్పుడు కాలువపై అధికారి యెవరో యెఱుగును. రుసుము పెరిగినప్పుడు ఎవరి గడపకు పోవలయునో యెఱుగడు. రెండవది, బాధ స్వల్పకాలికమగుట. పింఛను వృద్ధునకు జీవితాంతము కావలయును. పంటధర రైతునకు ఏటేట కావలయును. రుసుము బాధ ఒకయింటికి నాలుగేండ్లు మాత్రమే. శాసనసభ యెన్నిక అయిదేండ్లకు వచ్చును. మొదటి బిడ్డ చదువు ముగిసి యప్పు తీర్చుకొనుచున్న తండ్రికి ఆ సమస్య వెనుకటిదైపోవును. బడిలో నున్న బిడ్డ తండ్రికి అది యింకను రానిది. మూడవది, బకాయి కంటికి గనబడకుండుట. రోడ్డు గుంటలు ప్రతిదినము కనబడును. ఖజానాలో ఆగిన చెల్లింపు ఎవనికిని కనబడదు. సర్టిఫికెట్టు నిరాకరింపబడిన దినముననే అది బయటపడును. నాలుగవది మిక్కిలి ముఖ్యమైనది. దానిని విడిగా చెప్పవలయును.

రుసుము నిర్ణయమున ఆసక్తిగలవారే శాసనములు చేయు స్థానములలో నుండుట ఆ నాలుగవ కారణము. ఇది రహస్యము కాదు. మల్లారెడ్డి విద్యాసంస్థల స్థాపకులు శ్రీ చామకూర మల్లారెడ్డిగారు 2019 నుండి 2023 వఱకు తెలంగాణ మంత్రిగా నుండిరి. నారాయణ విద్యాసంస్థల స్థాపకులు శ్రీ పొంగూరు నారాయణగారు ఆంధ్రప్రదేశ్‌లో 2014లోను మరల 2024లోను మంత్రియైరి. రఘునాథపల్లికి పొరుగుననున్న జనగామ స్థానమునుండి 2023లో ఎన్నికైన శ్రీ పల్లా రాజేశ్వరరెడ్డిగారు అనురాగ్ విద్యాసంస్థల స్థాపకులు. అంతకు పూర్వము 2015లోను 2021లోను వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల నియోజకవర్గము వారినే శాసనమండలికి పంపినది. కాలేజి నడుపుట నేరము కాదు; శాసనసభ్యులగుటయు వారి హక్కు. వీరిలో ఎవరిపైనను మేము దోషము మోపుటలేదు. మా ప్రశ్న వోటరునకు. రుసుముకట్టి డిగ్రీ పొందినవారు మాత్రమే వోటువేయు ఆ పట్టభద్రుల యెన్నికలో, 2024 ఉప ఎన్నిక వఱకును మూడు పర్యాయములలో, ఏ యభ్యర్థిని రుసుములనుగూర్చి లిఖితపూర్వకముగ వాగ్దానము కోరితిమి? ఉద్యోగ ప్రకటనలనుగూర్చి యడిగితిమి, అది యుచితమే. తమ యింటనుండి నాలుగేండ్లు వెడలిన సొమ్మునుగూర్చి యడిగినవారు అరుదు. అభ్యర్థులు తమ యాస్తులను ప్రమాణపత్రములో ప్రకటింపవలయునని 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ పత్రమును వోటరు చదువవలయును. విద్యాసంస్థలలో ఆసక్తిగల అభ్యర్థిని, ‘రుసుముల చర్చ వచ్చినప్పుడు తాము ఏ పక్షమున నిలుతురు?’ అని సభలోనే యడుగవలయును.

స్టేషన్ ఘనపూరు నియోజకవర్గములోనిది రఘునాథపల్లి. ఈ నియోజకవర్గమునకు ఒక విశేషమున్నది. 2015 నుండి 2018 వఱకు ఉపముఖ్యమంత్రిగా తెలంగాణ విద్యాశాఖను నిర్వహించిన శ్రీ కడియం శ్రీహరిగారే 2023లో ఇచటినుండి శాసనసభ్యులైరి. వారు భారత రాష్ట్ర సమితి పక్షమున గెలిచి, 2024 మార్చిలో అధికారపక్షమైన కాంగ్రెసున చేరిరి. పక్షము మాఱుటనుగూర్చిన ధర్మాధర్మములు వేఱొక చోట విచారింపదగినవి. మనకు గావలసినది వేఱు. బకాయిల ప్రసక్తి వచ్చినప్పుడెల్ల ఒక పక్షమువారు ‘ఇవి మీరు పెట్టిపోయినవి’ యందురు. రెండవ పక్షమువారు ‘ఇవి మీరు చెల్లింపనివి’ యందురు. ఈ వాదమున వోటరునకు జవాబు దొరకదు. ఇచటి ప్రతినిధిగారు ఆ పద్దులను విద్యాశాఖనుండియు, నేటి ప్రభుత్వపక్షమునుండియు ఎఱిగినవారు. కాబట్టి రఘునాథపల్లి వోటరులకు ఒక సదవకాశము గలదు. లెక్క యెఱిగినవారిని లెక్క యడుగుట సులభము. వారు శాసనసభలో ఈ విషయమై ప్రశ్న వేయవలెనని కోరుట వోటరుల హక్కు. వేసినయెడల అభినందించుటయు వారి విధియే.

వాగ్దానమునుగూర్చియు రెండు మాటలు. 2023 ఎన్నికలలో కాంగ్రెసు పక్షము ప్రకటించిన ఆఱు గ్యారంటీలలో యువ వికాసము ఒకటి. దానిలో విద్యార్థులకు అయిదు లక్షల రూపాయల విద్యా భరోసా కార్డు చెప్పబడినది. ఉచిత బస్సు ప్రయాణమును, గ్యాసు బండ ధరను ప్రతిగ్రామమునను చర్చించుకొందురు. విద్యా భరోసా కార్డునుగూర్చి అడుగువారు తక్కువ. అడుగని వాగ్దానము అటుకపై బడును. పూర్వప్రభుత్వము తొమ్మిదియేండ్లకు పైగా ఏలినను 35,000 పరిమితిని సవరింపలేదు. అదికూడ వోటరు మఱువరానిది. ఒక పక్షమును మాత్రమే తప్పుబట్టుట న్యాయము కాదు. రెండు పక్షములును ఈ విషయమున వోటరుల మఱపును నమ్ముకొనియే రాజ్యము చేసినవి.

పొరుగురాష్ట్రపు టనుభవము ఒక హెచ్చరిక. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుండి రుసుము ధనము కాలేజికి గాక విద్యార్థి తల్లి ఖాతాలో జమచేయబడెను. తల్లి తన చేతులతో కట్టును గనుక కాలేజిని నిలదీయగలదని ఆ పద్ధతిని ప్రవేశపెట్టినవారు చెప్పిరి. అందు కొంత నిజము లేకపోలేదు. ఖాతాలో సొమ్ము పడనిచో ఆ నాడే తల్లికి తెలియును. అయినను ఆ ప్రభుత్వము 2019లో పొందిన 151 స్థానములనుండి 2024లో 11 స్థానములకు దిగజారెను. తరువాతి ప్రభుత్వము మరల కాలేజీల ఖాతాలకే జమచేయు పద్ధతికి మాఱినది. దీనివలన తెలియునదేమి? వోటు అనేక కారణములతో పడును. ఒక పథకము మంచిదైనంతమాత్రమున గెలుపు రాదు, చెడ్డదైనంతమాత్రమున ఓటమియు రాదు. ఎన్నికల దినము ఒక్కటియే మన యాయుధమనుకొనుట పొరపాటు. అయిదేండ్లలో నొకదినము వేయు వోటు అన్ని లెక్కలకును ఒకేసారి వేయు ముద్ర. అందు రుసుము లెక్క చదువబడవలెనన్న, తక్కిన దినములలో దానిని విడిగా వ్రాసి చూపవలయును.

అట్లు విడిగా వ్రాసి చూపిన ప్రజలు లోకమున లేకపోలేదు. బ్రిటనులో లిబరల్ డెమోక్రాటు పక్షమువారు 2010 ఎన్నికలకు ముందు రుసుముల పెంపునకు వోటువేయమని విద్యార్థులకు వ్రాతమూలకముగ ప్రతిజ్ఞ చేసిరి. సంకీర్ణ ప్రభుత్వమున చేరినపిదప, అదే సంవత్సరము డిసెంబరులో, రుసుము పరిమితిని 9,000 పౌండ్లకు పెంచు తీర్మానమునకు వారిలో పలువురు వోటువేసిరి. 2015లో వారి స్థానములు 57 నుండి 8కి పడిపోయినవి. కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున 2012లో రుసుముల పెంపునకు వ్యతిరేకముగ విద్యార్థులు నెలలతరబడి సమ్మె చేసిరి. ఆ సెప్టెంబరు ఎన్నికలో ప్రభుత్వమోడి, ప్రధాని జాన్ షారే తన స్థానమును గూడ కోల్పోయెను. క్రొత్త ప్రభుత్వము పెంపును రద్దుచేసెను. జర్మనీలోని బవేరియాలో వోటరులు సంతకములు సేకరించి విషయమును ప్రజాభిప్రాయమునకు తెత్తుమని పట్టుబట్టగా 2013లో రుసుములే రద్దయినవి. ఈ మూడింటను సామాన్యమైన అంశమొక్కటి గలదు. ఆ ప్రజలయెదుట స్పష్టమైన వ్రాత యున్నది: సంతకముచేసిన ప్రతిజ్ఞయో, పెంపు ఉత్తరువో, పిటిషనో. వ్రాతయున్న చోట మాట తప్పినవాడెవడో తెలియును.

ప్రతిపక్షవాదమును గూడ మేము విస్మరింపజాలము. రుసుము పెరుగనిచో అధ్యాపకులకు జీతములెట్లు ఇత్తుమని యాజమాన్యములు అడుగుచున్నవి. ధరలు పెరిగినవి, ప్రయోగశాలలకు యంత్రములు కావలయును; ఇది కొట్టివేయదగిన మాట కాదు. ప్రభుత్వపు బకాయిలవలన చిన్న కాలేజీలలో అధ్యాపకులు నెలలతరబడి జీతములు లేక బాధపడుటయు నిజమే. ఆ అధ్యాపకులును మన బిడ్డలే. అయితే జమాఖర్చుల చర్చ తలుపులు మూసి జరుగుటయే అనుమానములకు మూలము. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ప్రైవేటు వైద్యకళాశాలల రుసుమును సంవత్సరమునకు 24 లక్షలకు పెంచుచు ఉత్తరువు వెలువడెను. అది మునుపటి రుసుమునకు ఏడురెట్లు. హైకోర్టు దానిని కొట్టివేయగా, 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును బలపఱచుచు, విద్య లాభార్జనకై చేయు వ్యాపారము కాదనియు, రుసుము భరింపదగినదిగా నుండవలయుననియు స్పష్టముగ చెప్పినది. కమిటీ సిఫారసు లేకయే ప్రభుత్వము పెంచినందుననే ఆ దురవస్థ గలిగినది. ఆ తీర్పునకు వ్యాజ్యము వేసినవారు విద్యార్థులు, తలిదండ్రులపక్షమువారు. ఐదేండ్లు వారు న్యాయస్థానములచుట్టు తిరుగవలసివచ్చెను. శాసనసభ తన పని తాను చేసినచో వారికా శ్రమ యుండెడిదికాదు.

కావున వోటరులు కోరవలసినవేవి? మా యభిప్రాయము సంగ్రహముగ తెలుపుచున్నాము. ప్రతి కాలేజికి ప్రభుత్వము బాకీపడిన మొత్తమెంతయో, ఏ విద్యాసంవత్సరమునుండి యాగియున్నదో, మూడునెలల కొకమాఱు జిల్లావారీగా ప్రకటింపవలయును. ఆ ప్రకటన వెలువడనిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము చేతనున్నది. గ్రామమునకొక్క చదువుకొన్న యువకుడు అర్జీ వ్రాసినచాలును. కమిటీ యెదుట కాలేజీలు సమర్పించు జమాఖర్చుల పట్టికలు ప్రజలు చూచుటకు వీలుగా నుండవలయును. కమిటీలో తలిదండ్రుల ప్రతినిధికి స్థానముండవలయును. 35,000 పరిమితిని రుసుము పెరిగినప్పుడెల్ల సవరించు నిబంధన కావలయును. లేదా ‘పూర్తి రీయింబర్సుమెంటు’ అనుమాటను మానుకొనవలయును. గ్రామములలో ఏడాదికి లక్షన్నర ఆదాయ పరిమితియు నేటి ధరలకు తగియుండలేదు. బకాయి పేరిట సర్టిఫికెట్టు నాపిన కాలేజిపై జిల్లా కలెక్టరు చర్య గైకొనవలయును. తండ్రి ముందుగా కట్టిన సొమ్ము ప్రభుత్వధనము వచ్చిన నెలలోపల తిరిగి యియ్యబడవలయును. వీనిలో దేనికిని క్రొత్త ఖజానా యవసరము లేదు. కావలసినది అడుగువాడు.

ఇంతకన్నను మూలమైనది ఒకటి గలదు. ప్రైవేటు రుసుమునకు పగ్గము వేయు అసలు సాధనము ప్రభుత్వ కాలేజి. చవుకయైన మంచి కాలేజి పొరుగున నున్నప్పుడు ఎవడును అధిక రుసుము వసూలుచేయజాలడు. 1959లో వరంగల్లున రీజినల్ ఇంజనీరింగు కాలేజికి పండిత జవాహర్లాల్ నెహ్రూ పునాది వేసెను. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయము వెలసెను. ఆ కాలేజీలలో చదివినవారు తమ తండ్రుల భూములు అమ్మింపలేదు. నేడు విశ్వవిద్యాలయములలో అధ్యాపకుల ఖాళీలు చిరకాలము పూరింపబడుట లేదు. వరంగల్లు కాలేజియే ఎన్.ఐ.టి. యైన పిదప, 2016లో కేంద్రప్రభుత్వము అట్టి సంస్థల రుసుమును సంవత్సరమునకు 70,000 నుండి 1,25,000కు పెంచినది; షెడ్యూల్డు కులముల, తెగల విద్యార్థులకును పేదలకును మినహాయింపు లిచ్చినది. కాబట్టి పార్లమెంటు సభ్యుని యెదుటను ఈ ప్రశ్న యుంచదగినదే. జనగామ ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో అధ్యాపకులు నిండుగా నుండిరా, ప్రయోగశాల పనిచేయుచున్నదా అని విచారించు భూస్వామి, పట్టణవాసి ఎందఱు? మన బిడ్డలు అక్కడ చదువుటలేదని మనము ఆ గేటు దాటి చూడము. పేదవాని కాలేజి పాడుబడిననాడే ధనవంతుని కాలేజి రుసుము పెరిగినదని మనము గ్రహింపవలయును.

2025 డిసెంబరులో తెలంగాణమున గ్రామపంచాయతీ ఎన్నికలు జరిగినవి. సర్పంచునకు కాలేజి రుసుములపై అధికారము లేదు, నిజమే. కాని గ్రామసభ యున్నది. ఆ సభలో ఒక దినము కేటాయించి, ఊరిలో ఎందఱు బిడ్డలు కాలేజీలలో చదువుచున్నారు, ఒక్కొక్క యింటిపై రుసుమునకై యెంత యప్పు గలదు, ఎవరి సర్టిఫికెట్లు ఆగియున్నవి అని ఒక పట్టీ వ్రాసికొనుట కష్టమైన పని కాదు. ఆ పట్టీపై గ్రామస్థులు సంతకములుచేసి శాసనసభ్యునకు, పార్లమెంటు సభ్యునకు, ప్రతిపక్షనాయకునకు ముగ్గురకును ఒకేదినము పంపవలయును. ప్రత్యుత్తరము వచ్చిన దానిని పంచాయతీ గోడపై అంటింపవలయును. రానిచో ‘ప్రత్యుత్తరము రాలేదు’ అని వ్రాసి అంటింపవలయును. మఱుసటి యెన్నికకు ఆ గోడయే దస్తావేజు. ఇరువది గ్రామములు ఇట్లు చేసినచో ఏ మంత్రియు ‘నాకు తెలియదు’ అనజాలడు.

రఘునాథపల్లి మండలముననే ఖిలాషాపురమున సర్వాయి పాపన్న కోట నేటికిని నిలిచియున్నది. ఇదే జనగామ ప్రాంతమున, కడివెండిలో, 1946 జూలై 4వ తేదీన దొడ్డి కొమురయ్య నేలకొరిగెను. ఆ తరమువారు చదువుకొనినవారు కారు. అయినను తమనుండి తీసికొనబడిన వెట్టికిని, గుంజుకొనబడిన భూమికిని లెక్క యడిగిరి. వారి మనుమలమైన మనకు చదువు, వోటు, శాసనము, వార్తాపత్రిక అన్నియు లభించినవి. ఇన్నియుండియు, బిడ్డ చదువుకై భూమి చేజాఱుచుండ, ఎవరిని అడుగవలెనో తెలియదని యూరకుండుట మనకు శోభింపదు. మా పాఠకులలో భూస్వాములు గలరు, పట్టణములందలి వకీళ్లును వర్తకులును గలరు. రుసుము కట్టగలవారు గలరు, కట్టలేనివారును గలరు. కట్టగలవారు కట్టలేనివారిపక్షమున ముందుగా నోరు తెఱువవలసియున్నది. తెలంగాణ శాసనసభకు తరువాతి సామాన్య ఎన్నికలు 2028లో రావలసియున్నవి. ఈలోపల లెక్క వ్రాయుటకు సమయము చాలినంత యున్నది. వ్రాసిన లెక్కకు జవాబు చెప్పక తప్పించుకొనిన ప్రభుత్వము చిరకాలము నిలువదని మేము నమ్ముచున్నాము.